పట్టాభి సీతారామయ్య – పరస్పర విశ్వాసము

ఏలూరు పట్టణమునుండి తాడేపల్లిగూడెమునకు పోవు పెద్దబాటమీద గుండుగొలను అను గ్రామము కలదు. అచ్చటినుండి ఉత్తరముగా సాగిపోయినచో నేల క్రమముగా మెట్టయై కామవరపుకోట సీమ కనబడును. దక్షిణముగా దిగినచో పంటకాలువలు, వరిచేలు, వానికి ఆవల కొల్లేటి సరస్సు. మెట్టమీద కురిసిన వాననీరు తమ్మిలేరు మొదలగు ఏరులలో పడి కొల్లేరు చేరును. కొల్లేరు నిండినపుడు ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు కొనిపోవును. పల్లపుసీమ వరి మెట్టకు ఎక్కును. మెట్టసీమ అపరములు పల్లమునకు దిగును. ఒకరి కొఱతను వేరొకరి సమృద్ధి తీర్చుచుండుట ఆ సీమవారికి తరతరములుగా తెలిసిన సంగతి.

కామవరపుకోటకు చేరువనున్న గుంటుపల్లి కొండలో రెండువేల యేండ్లనాటి బౌద్ధగుహలు కలవు. అచ్చటి శిలలమీద దాతల పేర్లు చెక్కబడియున్నవి. గృహస్థులు భిక్షువులకు అన్నమును నివాసమును సమకూర్చిరి. భిక్షువులు గృహస్థులకు ధర్మమును బోధించిరి. పుచ్చుకొన్నవాడు తిరిగి ఏదోయొక రూపమున ఇచ్చుటచేతనే ఆ సంబంధము శతాబ్దములపాటు నిలిచెను.

ఇట్టి సీమయందలి గుండుగొలను గ్రామమున 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన భోగరాజు పట్టాభి సీతారామయ్య జన్మించెను. ఆయన తండ్రి సుబ్రహ్మణ్యము గ్రామ కరణము. తల్లి గంగమ్మ. కుటుంబము కలిగినది కాదు. బిడ్డలు చిన్నవారై యుండగనే తండ్రి గతించెను. ఇంటికి ఆధారమైనవాడు పోయిన పిమ్మట పల్లెలో ఎట్లో కాలము గడుపవచ్చునని గంగమ్మ తలపలేదు. బిడ్డలకు చదువే ఆస్తి యని నిశ్చయించుకొని ఆమె వారిని వెంటబెట్టుకొని ఏలూరు చేరెను. ఆ తల్లి తెగువ లేకున్నచో పట్టాభి జీవితము వేరొక విధముగా నుండెడిది.

పట్టాభి ఏలూరు మిషను పాఠశాలలో చదివి, బందరు నోబులు కళాశాలలో చేరెను. అటుపిమ్మట మదరాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పట్టమును, ఆపై వైద్యవిద్యలో ఎం.బి.సి.ఎం. పట్టమును పొందెను. వైద్యుడైన పిదప ఆయన బందరునందు స్థిరపడి వృత్తి ప్రారంభించెను. కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణమైన బందరు అప్పటికే పత్రికలకును, పాఠశాలలకును, దేశభక్తులకును నెలవై యుండెను. 1904 మొదలు 1925 వఱకు ఏలూరు ప్రాంతము కూడ కృష్ణాజిల్లాలోనిదే యగుటచే, పట్టాభి పుట్టిన సీమకు అది పరాయి ఊరు కాదు.

బందరులో పట్టాభికి ఇద్దఱు గొప్ప మిత్రులు లభించిరి. వారిలో ఒకరు కృష్ణాపత్రికను దీర్ఘకాలము నడపిన ముట్నూరి కృష్ణారావు. వేరొకరు కోపల్లె హనుమంతరావు. ఈ ముగ్గురును కలసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. ప్రభుత్వముపై ఆధారపడని విద్య, చేతిపనితో కూడిన విద్య వారి ఆశయము. పుస్తకములతోపాటు నేతపని, వడ్రంగము, చిత్రలేఖనము వంటివి అచ్చట నేర్పబడెను. ప్రజల చందాలతో నడచు సంస్థ యగుటచే దానికి ధనము కొఱత పడని సంవత్సరము అరుదు. హనుమంతరావు తన బలమంతయు ఆ కళాశాలకే ధారపోసి 1922లో అకాలమరణము పొందెను. మిత్రుడు పోయినంతమాత్రమున ఆయన ఎత్తుకొన్న బరువును మిత్రులు క్రింద దింపలేదు. ముగ్గురు మోసిన భారము ఇద్దఱిపై పడినను కళాశాల నిలిచెను.

పట్టాభి మనసును కలచిన మఱియొక విషయము రైతుల ఋణబాధ. ఆనాటి పల్లెలలో పరస్పర సహాయము లేకపోలేదు. ఒకని చేను కోయునపుడు ఇరుగుపొరుగువారు తోడువచ్చుట, వారి పనికి మరల అతడు పోవుట, కొందఱు కూడి చీటీ వేసికొని నెలకొకరు సొమ్ము తీసికొనుట వాడుకలో నుండెను. కాని రైతునకు విత్తనమునకును, ఎద్దులకును, నాట్లకును ఒక్కసారిగా రొక్కము కావలసివచ్చినపుడు ఈ చిన్న సహాయములు చాలెడివి కావు. అపుడు అతడు వడ్డీవ్యాపారి గడప త్రొక్కవలసివచ్చెడిది.

వడ్డీవ్యాపారి అప్పునకును, పొరుగువాని సహాయమునకును భేదము వడ్డీరేటులో మాత్రమే లేదు. పంట పోయినను వ్యాపారి నష్టపోడు. రైతు పొలము అతని పరమగును. కష్టమంతయు ఒకవైపు, లాభమంతయు వేరొకవైపు నిలుచును. అప్పు తీసికొన్నవాడు ఇచ్చినవాని యెదుట తలవంచి నిలువవలెను. తరచుగా పంట ధరను నిర్ణయించునదియు, లెక్క వ్రాయునదియు ఆ వ్యాపారియే. ఇట్టి సంబంధమున ఇచ్చుటయు పుచ్చుకొనుటయు ఉన్నవి కాని పరస్పరత లేదు.

ఈ చిక్కునకు ఒక దారి జర్మనీదేశమున కనుగొనబడెను. రైన్‌నదీ ప్రాంతమున రైఫైజెన్ అను గ్రామాధికారి యుండెను. 1846-47 సంవత్సరముల కఱవులో ఆయన బీదలకు పిండియు రొట్టెలును అందునట్లు ఏర్పాటు చేసెను. తరువాత ధనవంతుల దానములతో సంఘములను నడపి చూచెను. కాని దాతల ఉత్సాహము చల్లారినంతనే అట్టి సంఘములు నీరసించునని ఆయన గ్రహించెను. అందుచే 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను ఊరిలో క్రొత్త పద్ధతిపై ఋణసంఘమును స్థాపించెను. అప్పు కావలసినవారే అందు సభ్యులు. ఒకడు తీర్చలేకపోయినచో మిగిలినవారందఱును బాధ్యులు. కావున సభ్యులు పొరుగువాని నడవడిని చూచి అప్పిత్తురు; అప్పు తీసికొన్నవాడు పొరుగువారిముందు మాట పోగొట్టుకొనుటకు సిగ్గుపడును. పొలము తాకట్టు పెట్టలేని బీదవానికి తన సత్ప్రవర్తనయే తాకట్టు అయ్యెను.

మదరాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి ఐరోపాకు పోయి ఈ సంఘములను పరిశీలించి 1895లోను 1897లోను నివేదికలను సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము భారతదేశమునకు వచ్చెను. 1912లో రెండవ చట్టము వచ్చి, పల్లెలలోని చిన్న సంఘములకు ధనమందించు కేంద్రబ్యాంకులకు కూడ త్రోవ చూపెను. పల్లెలో నలువది ఏబది కుటుంబములు చేరి సంఘము పెట్టుకొన్నను, అందఱికిని ఒకే మాసమున అప్పు కావలసియుండును. అందఱి చేతులును ఒకే మాసమున వట్టివై యుండును. పట్టణమున నిలువయున్న సొమ్మును పల్లెకు చేర్చు సాధనము లేనిదే సంఘము నడవదు. ఈ అవసరమును గుర్తించి పట్టాభి 1915లో కృష్ణాజిల్లా సహకార కేంద్రబ్యాంకు స్థాపనకు పూనుకొనెను.

మరుసటి సంవత్సర ప్రాంతమున ఆయన వైద్యవృత్తిని విడిచిపెట్టెను. చేతినిండ పనియున్న వైద్యుడు వృత్తిని వదలుకొనుట కుటుంబమునకు తేలికైన నిర్ణయము కాదు. ఐనను దేశసేవయు వృత్తియు ఒక్క మనుజుని కాలములో ఇముడవని ఆయన భావించెను. 1919లో జన్మభూమి అను ఆంగ్ల వారపత్రికను ఆరంభించి 1930 వఱకు నడపెను.

అప్పటికి తెలుగువారి సొమ్మును దాచుటకు తెలుగుసీమలో తగిన పెద్ద బ్యాంకు లేదు. బ్యాంకు అనిన భయపడుటకు కారణము కూడ కలదు. 1906 అక్టోబరులో మదరాసులోని అర్బత్‌నాట్ కంపెనీ అను పేరుపొందిన ఆంగ్ల వ్యాపారసంస్థ కూలిపోయెను. జీవితకాలమంతయు కూడబెట్టిన సొమ్మును వేలకొలది జనులు పోగొట్టుకొనిరి. ఆ సంస్థను నడపినవారు పరుల ధనముతో సాహసములు చేసిరి. కష్టము దాచుకొన్నవారిపై పడెను. నమ్మకము ఒకవైపుననే యుండి, జవాబుదారి రెండవవైపున లేనపుడు కలుగు ఫలము ఇట్టిది.

ఆ భయమును పోగొట్టి తెలుగువారి పొదుపు తెలుగువారి పనికే అక్కఱకు రావలెనను తలంపుతో పట్టాభి 1923లో ఆంధ్రాబ్యాంకును స్థాపించెను. ఆ యేడు నవంబరు 20వ తేదీన అది రిజిష్టరు చేయబడి, 28వ తేదీన బందరులో వ్యాపారము ప్రారంభించెను. అనుమతింపబడిన మూలధనము 10 లక్షల రూపాయలు; చెల్లింపబడిన మూలధనము 1 లక్ష రూపాయలు. ఇది సహకార సంఘము కాదు, వాటాదారుల బ్యాంకు. సహకార సంఘమున మనిషికొక ఓటు. వాటాదారుల బ్యాంకులో వాటాలను బట్టి ఓటు. రెండింటి నడక వేరైనను వేరు ఒక్కటే. అది విశ్వాసము.

బ్యాంకు పని పైకి కనబడునంత కఠినమైనది కాదు. ఒక ఉపాధ్యాయుడు జీతములో మిగిలిన సొమ్మును బ్యాంకులో దాచును. ఆ సొమ్ము అతనికి నేడు అక్కఱలేదు; ముందు కావలసియుండును. ఒక వర్తకునకు సరకు కొనుటకు నేడు సొమ్ము కావలెను. సరకు అమ్ముడైన పిమ్మట తీర్చగలడు. వీరిరువురును ఒకరినొకరు ఎఱుగరు. ఎఱిగియున్నను నేరుగా అప్పిచ్చుటకు జంకుదురు. నడుమ బ్యాంకు నిలిచి, ఒకరి సొమ్మును వేరొకరికి ఇచ్చి, వర్తకుడు చెల్లించిన వడ్డీలో కొంత ఉపాధ్యాయునకు పంచును. వర్తకుడు మాట తప్పినచో ఉపాధ్యాయుని సొమ్మునకు ముప్పు. దాచుకొన్నవారందఱును ఒక్కనాడే వచ్చి సొమ్ము తిరిగి యిమ్మని పట్టుపట్టినచో ఎంత మంచి బ్యాంకైనను నిలువలేదు. కాబట్టి అప్పు తీర్చువాని నిజాయితీయు, దాచుకొన్నవాని ఓర్పును, నిర్వాహకుల జాగ్రత్తయు మూడును కలసినగాని బ్యాంకు నిలువదు.

రెండేండ్ల పిదప, 1925లో, పట్టాభి ఆంధ్రా భీమా కంపెనీని స్థాపించెను. భీమాలో పరస్పరత మఱింత తేటగా కనబడును. వేయిమంది యేటేట కొంత సొమ్ము చెల్లింతురు. వారిలో ఎవరు ముందు మరణింతురో ఎవరికిని తెలియదు. మరణించినవాని భార్యాబిడ్డలకు తక్కినవారి సొమ్ముతో ఏర్పడిన నిధినుండి సహాయమందును. అది భిక్ష కాదు. అతడు బ్రతికియుండగా తన వంతు చెల్లించినందుకు కలిగిన హక్కు. తండ్రి పోయిన ఇంటి కష్టము పట్టాభికి పుస్తకముల వలన తెలిసినది కాదు. గంగమ్మ బిడ్డలతో ఏలూరు బాట పట్టిననాడు అట్టి హక్కు ఏదియు ఆమెకు లేదు.

1927లో ఆయన వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకును నెలకొల్పెను. పంట అప్పు ఒక యేటిలో తీర్చదగినది. కాని పాతబాకీలు తీర్చుటకో, బావి త్రవ్వుటకో తీసికొన్న పెద్ద అప్పు ఒక్క పంటతో తీఱదు. దానిని పెక్కుయేండ్లు కొంచెము కొంచెముగా తీర్చుకొను వీలు కావలెను. తనఖా బ్యాంకులు ఆ వీలును కల్పించెను. 1929లో భారతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్థాన్ ఐడియల్ భీమా కంపెనీని కూడ ఆయన స్థాపించెను.

ఈ పనులన్నియు సుఖముగా సాగలేదు. 1929లో ఆరంభమైన ప్రపంచ ఆర్థికమాంద్యము వలన ధాన్యపు ధరలు పడిపోయెను. నిన్న పది బస్తాలతో తీఱదగిన అప్పు నేడు ఇరువది బస్తాలిచ్చినను తీఱనంతటి బరువై కూర్చుండెను. మదరాసు రాజధానిలో సహకార సంఘముల బాకీలు పేరుకొనిపోయెను. ముఖము చూచి అప్పులిచ్చిన సంఘములు, లెక్కలు సరిగా వ్రాయని సంఘములు మూతపడెను. పరస్పర సహాయము మంచి మనసుతోనే నడవదని, సరియైన లెక్కయు, సమయమునకు చెల్లింపును, తప్పును తప్పని చెప్పు ధైర్యమును దానికి కావలెనని ఆ సంవత్సరములు అందఱికిని నేర్పెను.

ఇట్లు సంస్థలను నిర్మించుచునే పట్టాభి స్వాతంత్ర్యసమరమున ముందునిలిచెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమునందు స్వచ్ఛందసేవకులతో బందరు సముద్రతీరమునకు పోయి చట్టమును ధిక్కరించి జైలుశిక్ష పొందెను. కాంగ్రెసు ఏబదియేండ్ల పండుగ సందర్భమున 1935లో ఆ మహాసంస్థ చరిత్రను ఆంగ్లమున రచించెను.

1939 జనవరిలో జరిగిన కాంగ్రెసు అధ్యక్షపదవి ఎన్నిక ఆయన జీవితమున ఒక పరీక్ష. మౌలానా ఆజాద్ పోటీనుండి తప్పుకొనగా, గాంధీమహాత్ముని ఆమోదముతో పట్టాభి సుభాసచంద్రబోసుపై పోటీకి నిలిచెను. సుమారు రెండువందల ఓట్ల తేడాతో ఓడిపోయెను. దేశమంతయు చూచుచుండగా కలిగిన ఓటమి అది. అపుడు గాంధీమహాత్ముడు ఆ ఓటమి పట్టాభిదికన్న తనదే యెక్కువ యని బహిరంగముగా ప్రకటించెను. అప్పు తీసికొన్నవానికి పూచీపడినవాడు కష్టకాలమున మొగము చాటువేయరాదు. గాంధీమహాత్ముడు ఆ పూచీని నిలుపుకొనెను. పట్టాభియు ఆ ఋణమును మఱువలేదు. 1942లో పెక్కుమంది కాంగ్రెసు నాయకులతోపాటు ఆయనను కూడ ప్రభుత్వము అహమ్మదునగరు కోటలో బంధించెను. దాదాపు మూడేండ్లు ఆయన చెఱలో గడపెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లో పట్టాభి కాంగ్రెసు అధ్యక్షుడుగా ఎన్నికై, జయపురమున జరిగిన మహాసభకు అధ్యక్షత వహించెను. భాషారాష్ట్రముల విషయమై నియమింపబడిన సంఘమున జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభాయి పటేలులతోపాటు ఆయనయు సభ్యుడు. 1949లో ఆ సంఘమిచ్చిన నివేదిక, మదరాసు నగరముపై హక్కును ఆంధ్రులు విడువవలెనని సూచించుటచే, పెక్కుమంది తెలుగువారు నొచ్చుకొనిరి. తొలినుండి ఆంధ్రరాష్ట్రమును కోరిన పట్టాభి ఆ నివేదికపై సంతకము చేయుట వారికి మింగుడుపడలేదు. ప్రజలు నాయకునిపై ఉంచిన నమ్మకము కూడ ఒక ఋణమువంటిదే. దానికి లెక్క చెప్పుమని వారడుగుట సహజము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు మదరాసు నగరము అందు లేదు.

1952 మొదలు 1957 వఱకు పట్టాభి మధ్యప్రదేశమునకు గవర్నరుగా నుండెను. 1959వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఆయన పరమపదించెను.

ఆయన స్థాపించిన సంస్థలు కాలక్రమమున రూపు మార్చుకొనెను. 1956లో దేశములోని జీవితభీమా వ్యాపారమంతయు ప్రభుత్వపరమై జీవితభీమా సంస్థ ఏర్పడెను. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రాబ్యాంకులో కలసెను. 1980లో ఆంధ్రాబ్యాంకు జాతీయము చేయబడెను. 2020 ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో విలీనమగుటచే, దాదాపు తొంబదియేడేండ్లు తెలుగునాట వినబడిన ఆ పేరు బ్యాంకుల పట్టికనుండి తొలగిపోయెను.

పేరు పోయినను ఆ పద్ధతి పోలేదు. నేడు ఏలూరు జిల్లాలోని పల్లెలలో స్త్రీలు పొదుపు సంఘములుగా చేరి ప్రతిమాసమును కొంత సొమ్ము కూడబెట్టుకొనుచున్నారు. అవసరమైనవారికి అందుండి అప్పిత్తురు. బ్యాంకునుండి సంఘము తెచ్చిన అప్పునకు అందఱును బాధ్యత వహింతురు. ఒకామె కంతు కట్టలేని నెలలో తోటివారు సర్దుబాటు చేయుదురు. మరుసటి నెలలో ఆమె వారి మేలు తీర్చుకొనును. పూచీ పడుటకు ముందు ఆమె గుణమును వారెఱుగుదురు. మాట తప్పినచో తోటివారికి కలుగు నష్టమును ఆమె యెఱుగును.

అప్పు మనుజులను విడదీయగలదు, కలుపగలదు కూడ. కష్టమును ఒక్కరిపైననే మోపు అప్పు యజమానిని, దాసుని పుట్టించును. కష్టసుఖములను ఇరువైపుల పంచు అప్పు ఇరుగుపొరుగును నిలుపును. స్నేహమునకును ఈ నియమమే వర్తించును. ఎల్లపుడు పుచ్చుకొనువాడు మిత్రుడు కాజాలడు. ఎన్నడును పుచ్చుకొననివాడును మిత్రుడు కాజాలడు. హనుమంతరావు విడిచిన భారమును మోసి, తన ఓటమిలో గాంధీమహాత్ముని అండను పొందిన పట్టాభి ఈ రెండు సత్యములను తన జీవితమున చవిచూచెను. కరణముగారి బిడ్డడు గుండుగొలనులో నేర్చిన తొలి లెక్క ఏదియైనను, ఆయన తెలుగువారికి నేర్పిన లెక్క ఇది: ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకరికొకరు జవాబుదారులై యున్నపుడే ఆ లెక్క సరిపోవును.